డెంగీకి ఆ పసుపు నీళ్ళు ఎక్కించకండి

మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో వారం నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. "డెంగీ తగ్గినవాళ్ళ రక్తం తీసి గంటసేపు కదపకుండా ఉంచండి. పైన తేరే పసుపు నీళ్ళే యాంటీబాడీలు. అవి రోగికి ఎక్కిస్తే ప్లేట్‌లెట్లు లేస్తాయి. కంపెనీలు వేలకు అమ్మేది ఇదే." ల్యాబ్‌లో రోజూ సీరమ్, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే నీరు, తీసే మనిషిని నేను. ఆ మెసేజ్ చదవగానే భయమేసింది.

పైన తేరేది సీరమే. కానీ సీరమంతా యాంటీబాడీలు, అంటే జబ్బులతో పోరాడేందుకు ఒళ్ళు తయారుచేసుకునే ప్రోటీన్లు, కాదు. లీటరుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్లుంటే సగానికి పైగా అల్బుమినే, అది యాంటీబాడీ కాదు. రక్తంలో ఎక్కువగా ఉండే ఐజీజీ రకం యాంటీబాడీలు 7 నుంచి 16 గ్రాములు. అవైనా ఆ మనిషికి ఇన్నేళ్ళలో తగిలిన జబ్బులన్నిటివీ కలిసి ఉంటాయి.

ప్లేట్‌లెట్లంటారా, రక్తం గడ్డకట్టినప్పుడు అవి గడ్డలోనే ఉండిపోతాయి. రోగి కోలుకునేటప్పుడు వాటంతటవే పెరుగుతాయి.

అసలు ప్రమాదం ఇంకోటి. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకానికి పుట్టిన యాంటీబాడీలు ఇంకో రకాన్ని ఆపలేకపోగా, అది కణాల్లోకి దూరడానికి సాయపడొచ్చు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తగ్గుతున్న వయసులో చంటిపిల్లలకు మొదటిసారి డెంగీ సోకినా జబ్బు ముదరడం డాక్టర్లు చూశారు.

ఇక కంపెనీల సంగతి. వరదల్లో మా అమ్మమ్మ ఎర్రనీళ్ళ బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేది. బురద దిగి పైన తేట వచ్చేది. ఆ తేటనూ కాచి గానీ మాకిచ్చేది కాదు, క్రిములు కంటికి కనబడవు కాబట్టి. సీరమ్‌లో హెపటైటిస్, హెచ్‌ఐవీ వైరస్‌లూ అంతే. కంపెనీలు వేలమంది దాతల ప్లాస్మాను, అంటే గడ్డకట్టని రక్తం నుంచి కణాలు తీసేశాక మిగిలే నీటిని, పరీక్షించి కలుపుతాయి. చల్లటి ఆల్కహాల్‌తో ప్రోటీన్లను విడతలవారీగా విడదీస్తాయి. 1940లలో అమెరికాలో ఎడ్విన్ కోన్ రూపొందించిన పద్ధతి అది. ఆపైన వైరస్‌లను చంపే రసాయనాలు, సన్నటి ఫిల్టర్లు. ఐర్లాండ్‌లో 1977-78లో ప్లాస్మా నుంచి తీసిన యాంటీ-డి ఇంజెక్షన్ (రక్తం గ్రూపు నెగెటివ్ అయిన తల్లులకు ఇచ్చే యాంటీబాడీల మందు) వల్ల వందలమంది తల్లులకు హెపటైటిస్ సి సోకింది. మందుగా తయారుచేసినదానికే అలా జరిగితే గ్లాసులో తేరినదాన్ని నరంలోకి ఎలా ఎక్కిస్తాం? పైగా కంపెనీలు అంత శుద్ధి చేసి అమ్మే ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీల మందు) కూడా మామూలుగా డెంగీకి ఇచ్చే మందు కాదు.

ఇంట్లో డెంగీ ఉంటే, జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులు మరీ కనిపెట్టుకుని ఉండండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.