పాపం, ఆధిక్యం!

తమ జాతే గొప్పదని నమ్మడం తేలిక. ఆ గొప్పను నిలబెట్టుకోవడమే గొడ్డుచాకిరీ. జాక్ జాన్సన్ అనే ఒక్క నల్ల బాక్సర్ వల్ల అమెరికా పెద్దమనుషులు పడ్డ తిప్పలు ఎవరికీ పట్టలేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

మొదట్లో ఏర్పాటు చక్కగానే ఉండేది. తెల్ల హెవీవెయిట్ చాంపియన్లు టైటిల్ కోసం నల్లవాళ్లతో తలపడరు. తలపడరు కాబట్టి ఓడరు. ఓడరు కాబట్టి గొప్పవాళ్లు. లెక్కలో తప్పెక్కడుంది? జిమ్ జెఫ్రీస్ ఈ లెక్క ప్రకారమే ఓటమి ఎరగని వీరుడిగా రిటైరై పొలం చూసుకుంటున్నాడు. తర్వాత చాంపియనైన టామీ బర్న్స్ మాత్రం 30,000 డాలర్లకు మెత్తబడి జాన్సన్‌తో పోటీకి ఒప్పుకున్నాడు. 1908 డిసెంబర్ 26న సిడ్నీలో, 14వ రౌండులో పోలీసులు కలగజేసుకుని ఆ దెబ్బలు ఆపించాల్సి వచ్చింది. టైటిల్ జాన్సన్‌ది. పైగా కొడుతూ నవ్వుతాడు, కబుర్లాడతాడు. ఎంత అమర్యాద!

ఇక మళ్లీ బరిలోకి రమ్మని పెద్దమనుషులు జెఫ్రీస్ కాళ్లావేళ్లా పడ్డారు. జాతి పరువు కోసం ఆయన 45 కిలోలకు పైగా ఒళ్లు తగ్గించుకున్నాడు. అంత త్యాగం చేసి 1910 జూలై 4న రెనోలో బరిలోకి దిగితే, అంతకుముందెన్నడూ నేలకరవని మనిషి 15వ రౌండులో మళ్లీ మళ్లీ కరిచాడు. గెలిచినవాణ్ని కొట్టడం కుదరదు గనక, ఆ రాత్రి చాలా ఊళ్లలో సంబరపడుతున్న నల్లవాళ్ల మీద పడ్డారు. కొందరిని చంపేశారు. (ఈ వాక్యానికి నా దగ్గర చమత్కారం లేదు.)

ఆడలేక మద్దెల ఓడనేవాళ్లను మనం చూశాం. వీళ్లు మద్దెల చప్పుడే నిషేధించారు. ఊరూరా ఆ పోటీ ఫిల్ము ఆడనివ్వలేదు. 1912లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఏకంగా బాక్సింగ్ ఫిల్ములు రాష్ట్రం దాటకూడదని చట్టం చేసింది.

పిడికిలితో కానిది కాగితంతో అవుతుంది. ఆడవాళ్ల అక్రమ రవాణాను ఆపడానికి మాన్ చట్టం ఉంది కదా, దాన్ని తెల్ల స్నేహితురాళ్లున్న జాన్సన్ మీదికి తిప్పారు. మొదటి కేసులో సాక్ష్యం చెప్పాల్సిన లూసీల్ కామెరాన్ నోరు విప్పకపోగా అతన్నే పెళ్లాడింది. ఇంకొకామెను వెతికి పట్టుకున్నారు. 1913లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ దోషి అంది. ఏడాది ఒక రోజు శిక్ష. జాన్సన్ దేశం దాటాడు, 1915లో హవానాలో టైటిల్ పోగొట్టుకున్నాడు, 1920లో తిరిగొచ్చి జైలుకెళ్లాడు.

1946లో కారు ప్రమాదంలో పోయాడు. క్షమాభిక్ష 2018లో వచ్చింది. ఆలస్యమైందని కొందరు గొణిగారు. మనిషి మళ్లీ బరిలోకి దిగడని రూఢి చేసుకోవాలంటే 72 ఏళ్లయినా పట్టదా?