తప్పు ఒకడిది, బ్యాన్ అయిన కన్సోల్ ఇంకొకడిది

ఆన్‌లైన్ గేమింగ్ సర్వర్లు మోడ్ చేసిన, అంటే దొంగ కాపీలు ఆడేలా మార్చిన గేమ్ కన్సోల్‌ను పట్టుకునే తీరులో ఒక లోపం ఉంది. దాని బరువంతా హైదరాబాద్ లాంటి ఊళ్లలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ల మీదే పడుతోంది.

ఎక్స్‌బాక్స్ 360 రోజుల్లో కిటుకు డిస్క్ డ్రైవ్‌లో ఉండేది. డ్రైవ్ ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చేస్తే, కాపీ కొట్టిన డిస్క్‌ను అది అసలుదని కన్సోల్‌కు చెప్పేది. 2009 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ పెద్ద ఎత్తున బ్యాన్లు వేసింది. బ్యాన్ పడింది ఖాతాల మీద కాదు, కన్సోళ్ల మీద. వాటిలో చాలా సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు చేరాయి.

తన కన్సోల్ స్విచ్ విషయంలో నింటెండో ఇంకా ముందుకు వెళ్లింది. 2018లో బయటపడ్డ లోపం చిప్‌లోని బూట్‌రోమ్‌లోది, అంటే కన్సోల్ ఆన్ కాగానే మొదట నడిచే, తర్వాత మార్చలేని కోడ్‌లోది. అప్పటికే అమ్ముడైన కన్సోళ్లలో దాన్ని ఏ అప్‌డేటూ పూడ్చలేదు. అందుకే సర్వర్ వైపు కాపలాయే కీలకమైంది. ప్రతి కన్సోల్‌లో ఫ్యాక్టరీలోనే గుర్తింపు కోసం ఒక డిజిటల్ సర్టిఫికెట్ వేస్తారు, సర్వర్‌కు కనెక్ట్ అయినప్పుడల్లా కన్సోల్ దాన్ని చూపించాలి. అది బ్యాన్ జాబితాలో పడితే ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, కొత్త ఖాతా తెరిచినా ఫలితం ఉండదు. డౌన్‌లోడ్ గేమ్‌కు కన్సోల్‌తో, ఖాతాతో ముడిపడిన టికెట్ (డిజిటల్ లైసెన్స్) ఉంటుంది కాబట్టి దొంగ కాపీ తేలిగ్గా దొరికిపోతుంది. గేమ్ కార్డ్‌కూ నింటెండో సంతకం చేసిన సర్టిఫికెట్ ఉంటుంది. ఒకే గేమ్ కార్డులు రెండు కొన్నా రెండింటి సర్టిఫికెట్లు వేరు.

అసలు చిక్కు ఈ కార్డుల దగ్గరే వస్తుంది. ఒకడు కార్డ్ కొని, దాన్ని పూర్తిగా కాపీ చేసుకుని, అసలు కార్డ్‌ను సగం ధరకు అమ్మేస్తాడు. దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు దాన్ని కొని తన కన్సోల్‌లో పెడతాడు. ఒకే సర్టిఫికెట్ రెండు కన్సోళ్ల నుంచి వచ్చిందన్నది మాత్రమే సర్వర్‌కు కనిపిస్తుంది. అసలు కార్డ్ ఎవరి చేతిలో ఉందో సర్టిఫికెట్ చెప్పదు. 2025లో స్విచ్ తర్వాతి కన్సోల్ స్విచ్ 2 కొన్నవాళ్లలో కొందరికి ఇదే జరిగిందని వార్తలొచ్చాయి. పాత కార్డ్ కొన్నందుకు కన్సోల్ ఆన్‌లైన్ సేవలు ఆగిపోయాయి, కొన్న ఆధారాలు చూపించాక తిరిగొచ్చాయి. బిల్లు లేకుండా చేతులు మారిన కార్డ్‌కు ఆధారం ఎక్కణ్నుంచి తేవాలి?

మోసగాళ్లను వదిలేస్తే నిజాయితీగా ఆడేవాళ్లకు ఆట మిగలదని కంపెనీలంటాయి. నిజమే, చీటింగ్ చేసేవాణ్ని గెంటెయ్యాల్సిందే. ఆ పనికి ఖాతా బ్యాన్ ఉంది. కన్సోల్ బ్యాన్ మాత్రం యజమాని మారినా కన్సోల్‌ను వదలదు.

హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లోనో సికింద్రాబాద్ సీటీసీలోనో దుకాణదారు గేమ్ పెట్టి చూపిస్తే అంతా బాగానే నడుస్తుంది, ఎందుకంటే బ్యాన్ అయిన స్విచ్ ఆఫ్‌లైన్‌లో మామూలుగానే పనిచేస్తుంది. డబ్బు ఇచ్చేముందు మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, సిస్టమ్ అప్‌డేట్ చేయించి, మీ ఖాతాతో లాగిన్ అయి నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్ తెరవండి. కన్సోల్ బ్యాన్ అయిందని చెప్పే 2124-4007 అన్న ఎర్రర్ వస్తే అక్కడే వదిలేయండి. సెట్టింగ్స్‌లో కనిపించే సీరియల్ నంబర్, కన్సోల్ మీది స్టిక్కర్ నంబర్ ఒకటేనా చూడండి. తేడా ఉంటే పైడొప్ప మార్చి ఉండొచ్చు. ఇంత చేసినా పూర్తి భరోసా లేదు. పాత యజమాని వాడకం నమోదైన లాగ్‌లు ముందే సర్వర్‌కు చేరి ఉంటే బ్యాన్ వారాల తర్వాతైనా పడొచ్చు. అందుకే సీరియల్ నంబర్ రాసిన బిల్లు తప్పనిసరిగా అడగండి.

ఈ భారమంతా కొనేవాడే ఎందుకు మోయాలి? నింటెండో 2025 మేలో తన అమెరికా ఒప్పందాన్ని మార్చి, నిబంధనలు మీరితే పరికరాన్నే శాశ్వతంగా పనికిరాకుండా చేయొచ్చని రాసుకుంది. డబ్బు పోసి కొన్న వస్తువు మీద అమ్మినవాడికి అమ్మకం తర్వాత కూడా ఇంత అధికారం ఉంటే, దాన్ని కొనడం అని ఎలా అంటాం? ఈ పోకడ గేమింగ్‌తో ఆగదు. ఇంటర్నెట్‌కు కలిసే ప్రతి పరికరంలోనూ ఈ తాళం పెట్టొచ్చు, తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది.

మన దేశంలో దీనికి పనికొచ్చే నమూనా ఇప్పటికే ఉంది. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) కొడితే అది బ్లాక్ అయిందో లేదో తెలిసిపోతుంది. కన్సోల్ సీరియల్ నంబర్‌కూ, గేమ్ కార్డ్‌కూ అలాంటి తనిఖీ పేజీని కంపెనీలు పెట్టాలి. బ్యాన్ వేస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, అసలు కార్డ్ చేతిలో ఉన్నవాడికి బిల్లు లేకపోయినా అప్పీలు దారి ఉంచాలి. బ్యాన్ జాబితా ఎలాగూ వాళ్ల సర్వర్లలోనే ఉంది. దాన్ని కొనేవాడికి చూపించడానికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు.