మరచిపొమ్మంటే మరచిపోతారా?

రోడ్డు ప్రమాదం నుంచి బతికి బయటపడిన మనిషి ఏడాది తరవాత కూడా ఎక్కడో బ్రేకు కీచుమంటే చాలు, ఉన్నచోటే బిగుసుకుపోతాడు. అరచేతులు చెమరుస్తాయి, ఊపిరి అందదు. ‘ఎప్పుడో అయిపోయిందిగా, ఇంకా ఎందుకు తలచుకుంటావు’ అని అయినవాళ్లే మందలిస్తారు. అతడు తలచుకోవడం లేదు. ఆ జ్ఞాపకమే వచ్చి మీద పడుతోంది. ఆఘాతం తరవాత వదలని ఈ ఒత్తిడి రుగ్మతను వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పీటీఎస్‌డీ) అంటారు.

మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డాలా ముప్పును పసిగట్టే కాపలాదారు. ఆలోచన అందుకునేలోపే అది ఒంటిని పోరుకో పరుగుకో సిద్ధం చేస్తుంది. అపాయం తప్పాక దాన్ని అదుపు చేయాల్సింది నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. తీవ్ర ఆఘాతం వదలని వారిలో ఆ పగ్గం సడలుతుంది. ఏ జ్ఞాపకం ఎప్పటిదో, ఎక్కడిదో గుర్తుపెట్టే హిప్పోక్యాంపస్ కూడా తడబడుతుంది. దాంతో నిరుటి ప్రమాదం ఈ క్షణంలోనే జరుగుతున్నట్టు తోస్తుంది.

ఇది తెలియని రోజుల్లో లోకం దీన్ని పిరికితనమంది. మొదటి ప్రపంచయుద్ధ సైనికుల్లో కనిపించిన ఈ స్థితి గురించి బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ 1915లోనే ‘షెల్ షాక్’ పేరుతో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. పేరు దొరికింది గాని, దయ దొరకలేదు. పారిపోయారనీ, పిరికితనం చూపారనీ సైన్యం కాల్చిచంపిన 306 మందికి బ్రిటన్ క్షమాభిక్ష ప్రకటించింది 2006లో! వారిలో ఎందరు ఈ గాయంతో వణికినవారో ఇప్పుడు లెక్కతేల్చేదెవరు? అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని రుగ్మతల జాబితాకెక్కించడానికి 1980 దాకా ఆగాల్సివచ్చింది.

ఆఘాతం తగిలిన ప్రతివారూ జబ్బుపడరు. ఎక్కువమంది కొన్ని వారాల్లో తేరుకుంటారు. లక్షణాలు నెల దాటినా వీడకపోతేనే వైద్యులు రుగ్మతగా నిర్ధారిస్తారు. ఘటన జరిగిన వెంటనే బాధితుల చేత అంతా చెప్పించేస్తే గుండెభారం దిగుతుందన్న నమ్మకమూ పరిశోధనల్లో నిలవలేదు. మైకు పట్టుకుని ఆస్పత్రి గుమ్మంలో నిలబడే మా వృత్తివారు ఈ సంగతి ముందుగా తెలుసుకోవాలి. శిక్షణ పొందిన చికిత్సకుల తోడుతో ఆ జ్ఞాపకాన్ని మెల్లమెల్లగా ఎదుర్కోవడం వేరు, దానికి మంచి ఫలితాలున్నాయి.

ఎముక విరిగినవారిని కట్టు విప్పడానికి మళ్లీ రమ్మంటారు కదా. ఆ రోజే నిద్ర పడుతోందా, పీడకలలు వస్తున్నాయా, ఆ దారిన వెళ్లగలుగుతున్నారా అని అడగడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఆ మూడు ప్రశ్నలను ప్రతి ప్రమాద చికిత్స విభాగమూ రోగి చీటీలో ముద్రించాలి.