పసిబిడ్డల మీద ప్రయోగాలా అంటారు, ఇప్పుడు చేస్తున్నదేమిటి మరి?

పుట్టి రెండు రోజులైనా కాని పిల్లల మీద మందు ట్రయల్ అని ఎక్కడ వార్త వచ్చినా జనం మాట ఒక్కటే. "పసిగుడ్డుల మీద ప్రయోగాలా? వీళ్లసలు మనుషులేనా?" నేను ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో పనిచేస్తాను. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ చూపించాల్సిన చోటు అది కాదు.

నెలలు నిండి పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి మొదటి రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. ఎక్కువమందిలో కారణం కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం. స్ట్రోక్, మెదడులో రక్తస్రావం, ఇన్ఫెక్షన్ కూడా ఉంటాయి. షుగరో కాల్షియమో పడిపోయి వస్తే అది సరిచేస్తే చాలు, అదృష్టవంతులు. మిగతావాళ్లకు ముందుగా ఎక్కించేది ఫినోబార్బిటాల్. 1912 నుంచి మూర్ఛకు వాడుతున్న మందు. పసికందుల ఫిట్స్‌కి వాడొచ్చని, మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందుకు అనుమతి ఇచ్చింది ఎప్పుడో తెలుసా? 2022 నవంబరులో. ఈ జబ్బుకి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చిన మొదటి మందు కూడా అదే. అంతవరకూ వాడినదంతా పెద్దల మందే, లెక్క కట్టి చిన్న డోసులో. ఎవరూ దాన్ని ప్రయోగం అనలేదు.

పనిచేస్తుందా అంటే, గుడ్డిలో మెల్ల. 1999లో ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను గీతలుగా చూపే పరీక్ష) పెట్టి ఫినోబార్బిటాల్‌నీ, ఫెనిటోయిన్ అనే ఇంకో మూర్ఛ మందునీ పోల్చి చూశారు. ఒకదానితో 43 శాతం మందికి, రెండోదానితో 45 శాతం మందికి ఫిట్స్ అదుపులోకి వచ్చాయి. సగం మందికి కూడా కాదన్నమాట.

ఈఈజీ పెట్టి అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అసలు గొడవంతా అక్కడే ఉంది. పసికందుకి ఫిట్స్ అంటే సినిమాల్లోలా ఒళ్లంతా కొట్టుకోవడం కాదు. పెదాలు చప్పరిస్తుంది. కళ్లు ఒక పక్కకి నిలబడిపోతాయి. కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడతాయి. మామూలు బిడ్డ కూడా నిద్రలో ఇవన్నీ చేస్తుంది! చాలాసార్లు అసలు ఏమీ కనిపించదు. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈఈజీలో దొరికిన ఫిట్స్‌లో బయటికి ఏదో ఒక లక్షణం కనిపించినవి మూడో వంతే. పక్కనే ఉన్న సిబ్బంది గుర్తుపట్టినవి 9 శాతం. రాత్రీ పగలూ కాపలా కాసే మాలాంటివాళ్ల కళ్లకే ఆ మార్కులు.

ఇంకో తిరకాసు ఉంది. ఫినోబార్బిటాల్ ఎక్కాక కొట్టుకుంటున్న చెయ్యి ఆగిపోతుంది. మొహం ప్రశాంతంగా ఉంటుంది. అమ్మయ్య అనుకుంటాం. ఈఈజీ స్క్రీన్ మీద మాత్రం గీతలు అదే వరసలో కోసుగా లేస్తూనే ఉంటాయి. ఒళ్లు ఆగింది, మెదడు ఆగలేదు. దీనికి చెప్పే కారణాల్లో ఒకటి గాబా అనే మెదడు రసాయనం. పెద్దల మెదడులో గాబా కణాలను శాంతపరుస్తుంది. పసి మెదడు కణాల్లో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి అదే గాబా కొన్ని చోట్ల కణాన్ని రెచ్చగొడుతుంది. ఫినోబార్బిటాల్ పనిచేసేది ఆ గాబా ద్వారానే. పెద్దల మందుని కిలోల లెక్కన తగ్గించి ఇచ్చేస్తే సరిపోతుందనుకోవడం ఎంత అమాయకత్వమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు నాకు బాగా మండే విషయానికి వస్తాను. లెవెటిరాసెటమ్. పెద్దల మూర్ఛకు మంచి పేరున్న మందు. ఊపిరి మందగించదు, బీపీ పడిపోదు, రాయడానికి భయం ఉండదు. పసికందుల్లో సరైన పరీక్ష ఒక్కటీ పూర్తి కాకముందే చాలా ఎన్‌ఐసీయూల్లో అలవాటైపోయింది. "బాగానే పనిచేస్తోంది" అన్నారు. ఏ కళ్లతో చూసి అన్నారు? పైన చెప్పిన ఆ 9 శాతం కళ్లతోనేగా? ఆఖరికి ప్రభుత్వ గ్రాంటుతో నియోలెవ్2 అనే ట్రయల్ జరిగింది, 2020లో ఫలితాలు వచ్చాయి. ఎవరికి ఏ మందు అన్నది లాటరీ పద్ధతిలో తేల్చి, నిరంతరం ఈఈజీ పెట్టి చూశారు. 24 గంటలు ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు ఫినోబార్బిటాల్‌తో 30 మందిలో 24 మంది. లెవెటిరాసెటమ్‌తో 53 మందిలో 15 మంది. పాత మందే గెలిచింది. 2022లో దానికి అనుమతి దొరకడానికి ఆధారమైందీ ఈ ట్రయలే.

అంతకుముందు ఏ ట్రయల్లోనూ లేకుండా, ఏ రికార్డుకీ ఎక్కకుండా ఆ బలహీనమైన మందుతోనే మొదలుపెట్టిన పిల్లల సంగతేంటి? వాళ్లమీద జరిగింది ప్రయోగం కాదా? ట్రయల్లో అయితే తల్లిదండ్రులను అడిగేవాళ్లు, మధ్యమధ్యలో లెక్కలు చూసి ఆపే కమిటీ ఉండేది. బయట ఏమీ లేదు.

ట్రయల్ అంటే చాలు, మంచిదే అని కూడా నేననను. ఆ క్లోరైడ్ సమస్యను ఎదుర్కోవాలని బ్యుమెటనైడ్ అనే మందుని యూరప్‌లో 14 మంది పిల్లల్లో పరీక్షించి మధ్యలో ఆపేశారు, 2015లో వివరాలు బయటపెట్టారు. బతికిన 11 మందిలో ముగ్గురికి వినికిడి దెబ్బతింది. ఆపడం సరైనదే. కానీ పోల్చడానికి ఆ మందు ఇవ్వని పిల్లల గుంపు అందులో లేదు. ఆక్సిజన్ అందకపోవడమూ, ఇన్ఫెక్షన్‌కి వాడే జెంటామైసిన్ లాంటి మందులూ చెవిని దెబ్బతీయగలవు. ఆ ముగ్గురి వినికిడికి కారణం ఏదని తేల్చేది ఎలా? అమెరికాలో చేసిన ఇంకో ట్రయల్లో ఆ లోటు లేదు. అందరికీ ఫినోబార్బిటాల్ ఇచ్చి, కొందరికే బ్యుమెటనైడ్ కలిపారు. ఏ బిడ్డనీ మందు లేకుండా వదిలేయక్కర్లేదు, పోలికా దొరుకుతుంది.

కంపెనీల సంగతి రెండు ముక్కల్లో: కొద్దిమంది రోగులు, కొన్ని రోజుల కోర్సు, ఏమైనా అయితే కోర్టు. వాళ్లంతట వాళ్లు రారు. ప్రభుత్వాల డబ్బుతోనే జరగాలి, నియోలెవ్2 జరిగినట్టు.

కష్టమైనది అనుమతి. నొప్పులు పడి కాస్త తేరుకుంటున్న తల్లి ముందు, ఐసీయూ బయట కాళ్లు వణుకుతూ నిలబడ్డ తండ్రి ముందు ఇరవై పేజీల కాగితం పెట్టి గంటలో సంతకం చేయమనడం అన్యాయమే. ఫిట్స్ మొదలయ్యాక కాదు, ప్రమాదం ఉందని ఈఈజీ తగిలించినప్పుడే కూర్చోబెట్టి, తెలిసిన భాషలో చెప్పాలి. వద్దంటే మొహం మాడ్చుకోకూడదు. ఈ విషయంలో మా వృత్తివాళ్లు మారాల్సింది చాలా ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి కాగితం చేతికొస్తే వెంటనే చించేయకండి, వెంటనే సంతకమూ పెట్టకండి. ఈఈజీ నిరంతరం ఉంటుందా? మామూలుగా ఇచ్చే మందు మా బిడ్డకీ అందుతుందా? వినికిడి పరీక్ష చేస్తారా? రెండేళ్ల తర్వాత నడక, మాట ఎలా ఉన్నాయో మళ్లీ పిలిచి చూస్తారా? ఈ నాలుగూ అడగండి. ట్రయల్ లేదు, ఊరికే కొత్త మందు ఇస్తున్నాం అన్నా సరే, ఇవే అడగండి.