బంగారు మగ్గాల కథా, కంసాలి కుంపటా?

ఈ మధ్య వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ఇటలీలోని సార్డీనియా దీవి ఫిలిగ్రీ (సన్నటి తీగ అల్లిక) నగల ఫొటోలు, కింద ఒక పేరా. అందులో ఉన్నదిది: "ఈ ఫిలిగ్రీ పని ప్రపంచంలో మరెక్కడా లేదు. మూడు వేల ఏళ్లుగా రవ్వంత మారలేదు. జానాలనే దేవకన్యలు గుహల్లో బంగారు మగ్గాల మీద నేసి మనుషులకు నేర్పారు. ఆ గుండీలు తానిత్ దేవత స్తనాలు. పెళ్లి ఉంగరం గుండెకు పోయే నరం మీద కూర్చుంటుంది. అంతా చేత్తోనే, మిషన్ తగలదు."

ఫొటోలు చాలా బాగున్నాయి. పేచీ అంతా పేరాతోనే.

మొదటి మాట, మరెక్కడా లేదన్నది. కరీంనగర్ వాళ్లు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి భౌగోళిక గుర్తింపు ఉంది. కటక్‌లో దీన్నే తారకసి అంటారు. పోర్చుగల్‌లో గొండొమార్, ఇటలీలోనే జెనోవా దగ్గరి కాంపో లిగూరే ఈ పనికి పేరుపడ్డ ఊళ్లు. ఇంకా వెనక్కి వెళ్తే, ఇప్పటి ఇరాక్‌లోని ఊర్ రాజ సమాధుల్లో ఫిలిగ్రీ చేసిన బంగారు కత్తి ఒర దొరికింది. దాని వయసు సుమారు 4,500 ఏళ్లు. తీగ లాగి, మెలిపెట్టి, చట్రంలో నింపి టంకం పెట్టడం ఏ ఒక్క దీవి సొత్తూ కాదు.

మూడు వేల ఏళ్ల లెక్కకు ఆధారంగా చూపేది సార్డీనియా పడమటి తీరంలోని తారోస్ అనే పాత రేవు పట్నాన్ని. అక్కడి ఫినీషియన్, ప్యూనిక్ (మధ్యధరా తీరాల పాత సముద్ర వర్తకులు) సమాధుల్లో సన్నటి బంగారు గుండ్లు అతికిన నగలు దొరికిన మాట నిజమే. వాటిలో పేరుపొందినవి క్రీ.పూ. 7, 6 శతాబ్దాల నాటివి. అయితే పోస్టులోని ఫొటోలు ఆ నగలవి కావు. అవి పల్లె పండుగల దుస్తుల మీద పెట్టుకునేవి. ఆ బాపతు పాత నగల్లో మనకు మిగిలినవి ఎక్కువగా 18, 19 శతాబ్దాలవి. తారోస్ కంసాలి నుంచి ఇప్పటి సార్డీనియా కంసాలుల తాతల దాకా పని తెగకుండా వచ్చిందంటే మధ్యలో రెండు వేల ఏళ్లకు పైగా లంకె చూపించాలి. ఆ ఊసే పోస్టులో లేదు.

గుండీల విషయంలో నాకు ఇంకా అనుమానం. 1324 నుంచి దాదాపు నాలుగు వందల ఏళ్లు ఆ దీవి అరగాన్, స్పెయిన్ రాజుల కింద ఉంది. స్పెయిన్‌లోని సలమాంకాలో 'చార్రో గుండీ' అని ఫిలిగ్రీ గుండీ ఒకటి ఉంది. గుండ్రటి బుడిపె, తీగ చుట్లు, మధ్యలో గుండు. సార్డీనియా చొక్కా మెడ దగ్గర పెట్టుకునే గుండీకి వరసకు చెల్లెలే. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నా, పక్కనే ఇంత పోలిక కనిపిస్తుంటే దాన్ని వదిలేసి తానిత్ అనే ప్యూనిక్ దేవత దాకా పరుగెత్తడం ఎందుకు?

ఇక జానాలు. కథ ముచ్చటగా ఉంది, అక్కడి అవ్వలు చెప్పుకునేదే. కానీ 'జానాల ఇళ్లు' అని పిలిచే ఆ గుహలు కొత్త రాతియుగం వాళ్లు కొండరాయి తొలిచి చేసుకున్న సమాధులు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది కూడా సమాధులుగానే. మన ఊళ్ల పక్కనున్న పెద్దరాతి సమాధులను రాకాసి గుళ్లంటాం. వాటిని రాక్షసులు కట్టారని పాఠం చెప్పం కదా!

ఉంగరం నరం సంగతికి రెండు ముక్కలు చాలు. అది రోమన్ల నాటి నమ్మకం. ఉంగరపు వేలి నుంచి గుండెకు ప్రత్యేకంగా పోయే నరం ఏదీ లేదు. మెట్టెల వేలి నరం గర్భాశయానికి పోతుందంటూ మన దగ్గర తిరిగే పోస్టుకు ఇది అన్నగారు.

పోస్టువాళ్లు రాయాల్సింది రాయకుండా వదిలేశారు. సార్డీనియాలో నల్లరాయిని వెండి చట్రంలో బిగించి పసిపిల్లలకు దిష్టి తగలకుండా కడతారు. 'కొక్కు' అంటారు. రాయి పగిలితే దిష్టిని అదే తీసుకుందని నమ్ముతారు. బుగ్గన దిష్టిచుక్క పెట్టే మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

చివరిది, మిషన్ తగలదన్నది. కొనేవాళ్ల జేబుకు చిల్లు పెట్టేది ఇదే. అసలు పనిలో వెండినో బంగారాన్నో కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చు అనే పలక చిల్లుల్లోంచి ఒకదాని తర్వాత ఒకటి లాగుతూ వెంట్రుకంత సన్నం చేస్తారు. రెండు తీగలు కలిపి మెలిపెట్టి, రోలర్ల మధ్య నొక్కి చదును చేస్తారు. ఆ రోలర్లు మిషనే, గ్యాస్ మంట కూడా తాతల నాటిది కాదు. అందులో తప్పేం లేదు. తర్వాత శ్రావణంతో చుట్లు వంచి, చట్రంలో ఇరికించి, టంకం పొడి, వెలిగారం చల్లి మంట చూపించాలి. టంకం కరగాలి, పక్కనున్న తీగ కరగకూడదు. ఆ రెంటికీ మధ్య ఉండేది ఒకటి రెండు క్షణాలే.

టూరిస్టు షాపుల్లో ఇదే డిజైన్‌తో మైనం అచ్చులో పోత పోసిన ఉంగరాలు కూడా దొరుకుతాయి. ఫొటోలో రెండూ ఒకటే. భూతద్దం పెడితే, చేతిపని తీగ అంచున మెలి గుర్తులు సన్నటి రంపపు పళ్లలా వరసగా కనిపిస్తాయి, తీగ తీగను తాకినచోట అతుకు తెలుస్తుంది. పోతలో ఆ పళ్లు మొద్దుబారి, తీగా అడుగూ ఒకే ముద్దలా ఉంటాయి.