పూతరేకుకి ఊరుంది, గోడ మీద బొమ్మకి లేదు

మొన్న మా మరిదికి ప్రమోషన్ వచ్చిందని ఇంటిల్లిపాదీ బెజవాడలోనే కొత్తగా పెట్టిన ఒక రెస్టారెంట్‌కి వెళ్లాం. పేరు అడగొద్దు. అక్కడికి మళ్లీ వెళ్లే ఉద్దేశం నాకుంది. కారణం జున్ను.

బిర్యానీ గురించి చెప్పడానికేం లేదు, బాగుంది. ఈ ఊళ్లో బిర్యానీ బాగోకపోతే నెల తిరక్కుండా షట్టర్ దించుకోవాలి. జున్ను మాత్రం అలా వదిలేసేది కాదు. చిన్న మట్టి ముంతలో, బెల్లంతో, మిరియాల ఘాటు గొంతులో చివర్న తగిలేలా చేశారు. అసలైన జున్నుపాలే. ఒకటి తెప్పించి పంచుకుందామని మొదలుపెట్టి ఐదు ముంతలు ఖాళీ చేశాం.

తర్వాత ఒక కుర్రాడు బండి తోసుకొచ్చి మా ముందే పూతరేకులు చుట్టాడు. తడిబట్ట అద్ది, నెయ్యి రాసి, బెల్లం పొడీ జీడిపప్పూ చల్లి, చిరక్కుండా మడత పెట్టాడు. బోర్లించిన వేడి కుండ మీద పిండినీళ్లలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే వచ్చే రేకు అది. మెనూలో రాసి ఉంది కూడా: ఆత్రేయపురం నుంచి తెప్పించినవి, 2023లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే ముద్ర) వచ్చింది అని. చదివి ముచ్చటేసింది.

బందరు లడ్డు చీజ్‌కేక్ అని ఇంకోటి తెచ్చారు. మా అత్తయ్యది బందరు. శనగపిండి కారప్పూసలా వత్తి, వేయించి, రోట్లో దంచి, బెల్లం పాకం కలిపి మళ్లీ దంచితే గానీ దాన్ని తొక్కుడు లడ్డు అనరు అక్కడ. ఆవిడ రెండు చెంచాలు తిని, "ఇందులో తొక్కిందేదీ అమ్మాయ్?" అన్నారు. దాని గురించి అంతే.

నా బాధ స్వీట్ల గురించి కాదు, గోడల గురించి. ఒక పక్కన గాజు పెట్టెలో కొండపల్లి దశావతారాల సెట్టు, దాని మీద ప్రత్యేకంగా లైటు. ఇంకో పక్కన నిలువెత్తు కలంకారీ బట్ట, ఫ్రేము కట్టించి. మా అమ్మాయి అడిగింది, ఎవరు చేశారమ్మా అని. చుట్టూ చూశాను. చీటీ లేదు, పేరు లేదు, ఊరు లేదు. సర్వర్‌ని అడిగితే "డెకరేషన్ మేడమ్" అన్నాడు. మేనేజర్ వచ్చి, "ఇంటీరియర్ వాళ్లు పెట్టార"న్నాడు.

బాబూ, కొండపల్లి ఇక్కడికి 20 కిలోమీటర్లు కూడా ఉండదేమో! రేకు చుట్టే ఊరి పేరు మెనూలో అచ్చేయించిన మీకు, పక్కూరి పనివాడి పేరు కనుక్కోవడం అంత కష్టమా? తెల్ల పొణికి కర్ర తెచ్చి, ఎండబెట్టి, ఒక్కో చెయ్యీ ఒక్కో కాలూ విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఆ తర్వాత గానీ రంగు ముట్టుకోరు. ఆ కర్రే ఇప్పుడు సరిగ్గా దొరకడం లేదని వాళ్లు మొత్తుకుంటున్నారు.

కలంకారీ సంగతి ఇంకా చిత్రం. ఆ బట్టలోని నలుపు ఎలా వస్తుందో తెలుసా? తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వస్తుంది. అంటే మేం తిన్న జున్నులోనూ, మా తల మీద వేలాడిన బొమ్మలోనూ ఉన్నది ఆ బెల్లమే. ఈ ఒక్క ముక్క ఆ కుర్రాడి చేత చెప్పిస్తే పిల్లలు నోళ్లు తెరుచుకుని వినరూ? మనం కూర్చున్న సోఫాల మీదా కలంకారీయే అన్నాడు మేనేజర్. అత్తయ్య దిండు గలీబు తిరగేసి చూసి, ఏమీ అనకుండా మళ్లీ యథాస్థానంలో పెట్టేశారు. బందరు మనిషి, కలంకారీ అద్దకాల ఊరు పెడన పక్కనే పుట్టిన మనిషి, అసలైనదేదో ఆవిడకి వేరే చెప్పాలా.

తినడానికి వెళ్లావా, మ్యూజియం చూడ్డానికి వెళ్లావా అని కింద ఎవరో ఒకరు రాస్తారు, తెలుసు. "స్థానిక కళల నడుమ విందు" అని బయట బోర్డు పెట్టింది వాళ్లు, నేను కాదు. ఆ గోడలు చూపించే కదా 240 రూపాయలకి ఒక ముంత జున్ను అమ్ముతున్నారు. నేనేం వాటా ఇమ్మనడం లేదు. అరచేతిలో పట్టేంత అట్టముక్క మీద మనిషి పేరు, ఊరు, ఆయన సరేనంటే ఫోన్ నంబరు రాసి పెట్టమంటున్నాను. చూసినవాళ్లలో నెలకి ఇద్దరు ఫోన్ చేసి బొమ్మ కొనుక్కున్నా నయమే.

బిల్లుతో పాటు ట్యాబ్ ఒకటి తెచ్చి రేటింగ్ ఇమ్మన్నారు. ఫుడ్‌కి ఐదు చుక్కలూ ఇచ్చేశా, మనస్ఫూర్తిగా. ఆంబియన్స్ దగ్గర ఆగి, రాయడానికి చోటుందేమో అని వెతికా. లేదు. ఖాళీగా వదిలేస్తే ముందుకి పోనివ్వలేదు. ట్యాబ్ తెచ్చిన కుర్రాడు నవ్వుతూ, "ఏం పర్లేదు మేడమ్" అని తనే అక్కడ కూడా ఐదు నొక్కేసి ట్యాబ్ పట్టుకెళ్లిపోయాడు.