ప్యాకెట్ మీద ముందు చూడాల్సింది ప్రొటీన్ శాతం కాదు

ఎదిగిన పెంపుడు పిల్లులకు ప్రొటీన్ శాతం ఎక్కువున్న ఫుడ్ ప్యాకెట్ కొనమని పిల్లుల తిండి మీద వచ్చిన వ్యాసంలో రాశారు. అది సగమే నిజమండీ. డ్రై ఫుడ్‌లో తేమ 10 శాతం దాకా ఉంటే, తడి ఫుడ్‌లో 80 దాకా ఉంటుంది. డ్రై ప్యాకెట్ మీద ప్రొటీన్ 30, తడి ఫుడ్ పౌచ్ మీద 10 అని చూసి పౌచ్ నాసిరకం అనుకుంటారు. నీళ్లు తీసేసి లెక్కేయండి: డ్రైలో 33, పౌచ్‌లో 50!

నేనైతే ముందు 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' (అన్ని పోషకాలూ సరిపడా ఉన్నది) అని, అదీ ఎదిగిన పిల్లులకని రాసుందా చూస్తాను. 'కాంప్లిమెంటరీ' అంటే చిరుతిండి కిందే లెక్క. తర్వాత టారిన్ అనే పోషకం. పిల్లి ఒంట్లో అది చాలినంత తయారవదు. తక్కువైతే గుండె కండరం, కంటిచూపు దెబ్బతింటాయి. గుండెజబ్బుకు, టారిన్ లోపానికి ఉన్న సంబంధాన్ని 1987లో అమెరికా పరిశోధకులు తేల్చాక కంపెనీలు మోతాదు పెంచాయి.

మా తిరుపతిలో మాంసం గడప తొక్కని ఇళ్లు బోలెడు. పిల్లికి పెరుగన్నం పెట్టి 'బాగానే తింటోంది కదా' అంటారు. తింటుంది, కానీ అందులో టారిన్ ఎక్కడిది? వండే పని లేదు కాబట్టి అలాంటి ఇళ్లకు ప్యాకెట్టే మేలు.

'గ్రెయిన్ ఫ్రీ' (ధాన్యాలు లేనిది) అన్నంత మాత్రాన ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు. నాలుగు కిలోల ఇంటిపిల్లికి రోజుకు సుమారు 50-60 గ్రాముల డ్రై ఫుడ్ చాలు. మన ఎండలకు ఒక పూటైనా తడి ఫుడ్ పెట్టండి, ఒంట్లో నీళ్లు చాలక మగపిల్లికి మూత్రం ఆగిపోతే ప్రాణం మీదికొస్తుంది. తినగా మిగిలిన పౌచ్ మాత్రం ఫ్రిజ్‌లోకే.